ఆపేసిన లైటు ఎందుకు మిణుక్కుమంటుంది? న్యూట్రల్ లేని బోర్డులో స్మార్ట్ డిమ్మర్

హోస్ట్: నమస్తే అండీ. ఈరోజు మా అమ్మ గదిలో లైటుతో మొదలుపెడతాను. మలక్‌పేటలో మాది పాత ఇల్లు, నాన్న కట్టించింది. రాత్రి లేచినప్పుడు అమ్మకు కళ్లలో పొడిచేలాంటి వెలుతురు పడదని స్మార్ట్ డిమ్మర్, అంటే ఫోన్‌తో కూడా వెలుతురు తగ్గించే స్విచ్, పెట్టించాను. ఆ రాత్రే ఫోన్ చేసింది, "లైటు ఆపేశానే, అయినా ఆగి ఆగి మెరుస్తోంది" అని. వెళ్లి చూస్తే నిజమే. చీకట్లో గోడ మీద దేవుడి పటం ఒక్క క్షణం కనిపిస్తుంది, మళ్లీ చీకటి, నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపు మళ్లీ మెరుపు. నాకైతే ఎక్కడో షార్ట్ అవుతోందని ఒకటే టెన్షన్. మన దగ్గర ఇరవై ఏళ్లుగా వైరింగ్ పని చేస్తున్న ఎలక్ట్రీషియన్ అన్న ఉన్నారు, ఆయన్నే అడుగుదాం. అన్నా, స్విచ్ పాడైనట్టా?

అన్న: లేదమ్మా, స్విచ్ బాగానే ఉంది, బల్బూ బాగానే ఉంది. మీ బోర్డులో న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు, లేదు, సంగతి అంతే. పాత ఇళ్లలో న్యూట్రల్ నేరుగా పైన లైటు దగ్గరికి పోతుంది, స్విచ్ దగ్గరికి కరెంటు తెచ్చే ఫేజ్ వైరు ఒక్కటే వస్తుంది, అక్కడినుంచి ఇంకో వైరు లైటుకు వెళుతుంది. మామూలు స్విచ్‌కు ఆ రెండు చాలు. స్మార్ట్ స్విచ్ అట్లా కాదు. మీరు లైటు ఆపినా లోపల వైఫై మేలుకునే ఉండాలి, లేకపోతే ఫోన్‌లో నొక్కితే ఎవరు వింటారు? దానికి కరెంటు కావాలి. న్యూట్రల్ లేదు కాబట్టి బల్బు గుండానే కొద్దికొద్దిగా తీసుకుంటుంది.

హోస్ట్: అంటే ఆపినప్పుడు కూడా బల్బులోంచి కరెంటు పోతూనే ఉందన్నమాట.

అన్న: పోతూనే ఉంటుంది. వెనకటి 60 వాట్ల ఫిలమెంట్ బల్బు అయితే ఆ కాస్త కరెంటుకు వేడి కూడా ఎక్కదు, మీకు తెలియనే తెలియదు. 9 వాట్ల ఎల్‌ఈడీలో డ్రైవర్ అనే చిన్న సర్క్యూట్ ఉంటుంది, అందులో కరెంటు నిలవ చేసే కెపాసిటర్ ఉంటుంది. కారే కుళాయి కింద చెంబు పెట్టినట్టు, చుక్క చుక్కగా నిండుతుంది. నిండగానే బల్బు ఒక్కసారి వెలిగి అదంతా ఖాళీ చేసేస్తుంది. మళ్లీ నిండటం మొదలు. మీ అమ్మగారు చూసిన మెరుపు అదే.

హోస్ట్: మరి దీనికి మందు?

అన్న: ముందు బల్బు డబ్బా చూడండి, డిమ్మబుల్ అని రాసి ఉందా లేదా. మామూలు ఎల్‌ఈడీని డిమ్మర్‌కు పెడితే న్యూట్రల్ ఉన్నా వణుకుతుంది, గుయ్ మంటుంది. తర్వాత డిమ్మర్ కాగితంలో కనీస లోడు ఎంతో చూడండి. అది 20 వాట్లు అడుగుతుంటే మీరు 9 వాట్ల బల్బు ఒక్కటి పెట్టి ఏం లాభం? ఈ రెండూ సరిగ్గా ఉండి కూడా మెరుస్తుంటే బైపాస్ పెట్టాలి. అగ్గిపెట్టెకన్నా చిన్నగా ఉంటుంది, రెండు వైర్లు, కొన్ని కంపెనీలు స్విచ్‌తోపాటే ఇస్తాయి. దాన్ని లైటు దగ్గర, హోల్డర్‌కు వచ్చే రెండు వైర్ల మధ్య పెట్టాలి. అప్పుడు ఆ కారే కరెంటు బల్బును వదిలేసి దాని గుండా పోతుంది. చాలామంది స్విచ్ బోర్డులో పెట్టేస్తారు, అక్కడ న్యూట్రల్ లేదు కదా, ఏమీ పనిచేయదు. ఆ స్విచ్ కంపెనీవాళ్లు చెప్పినదే పెట్టండి, ఏదో ఒక కెపాసిటర్ తెచ్చి అతికించొద్దు.

హోస్ట్: ఇంకో తంటా. పూర్తి వెలుతురు పెడితే స్విచ్ ఫోన్‌కు దొరకదు, తగ్గిస్తే మళ్లీ కనిపిస్తుంది. నేను రౌటర్‌ను తిట్టుకున్నాను.

అన్న: రౌటర్ తప్పేం లేదమ్మా. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 100 అర తరంగాలు. డిమ్మర్ ప్రతి అర తరంగంలో కొంత ముక్క కోసి వెలుతురు తగ్గిస్తుంది. న్యూట్రల్ లేనప్పుడు ఆ కోసిన ముక్కే దాని తిండి. వందకు వంద వెలిగిస్తే దానికి మిగిలేదేముంది? ఆకలికి ఆఫ్ అయి మళ్లీ లేస్తుంది. యాప్‌లో గరిష్ఠ వెలుతురును కాస్త తగ్గించి పెట్టండి, 90 దగ్గర చూడండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కరెంటు పోయినప్పుడు కూడా డిమ్మర్ తికమక పడుతుంది, ఆ తరంగం ఆకారమే వేరు.

హోస్ట్: అన్నా, ఇది చెప్పకుండా ఉండలేను. మొదట వచ్చినాయన "న్యూట్రల్ లేకపోతేనేం" అని దాని బదులు ఆకుపచ్చ ఎర్తింగ్ వైరు కలిపేసి పోయాడు. లైటు చక్కగా పనిచేసింది. రెండు రోజులకు ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే వేళ్లు జిల్లుమన్నాయని అమ్మ చెప్పింది.

అన్న: (కాసేపు మౌనం) అదే వద్దమ్మా, ఎవరు చెప్పినా వద్దు. ఎర్తింగ్ వైరు ప్రాణం కాపాడటానికి, కరెంటు మోయడానికి కాదు. ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటే స్విచ్ కరెంటు భూమిలోకి పోలేక ఫ్రిజ్ మీదికీ, గీజర్ మీదికీ వస్తుంది. ఆ వైరు ఎక్కడైనా తెగిందా, ఇంట్లో ఇనుము ముట్టుకున్న ప్రతివాళ్లకూ ప్రమాదమే. 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ, అంటే లీకేజీని పసిగట్టి కరెంటు ఆపే స్విచ్, ఉంటే లీకేజీ పెరిగినప్పుడు పడిపోతుంది, పాత ఇళ్లలో అదీ ఉండదు.

హోస్ట్: అసలు న్యూట్రల్ తెచ్చుకునే దారే లేదా?

అన్న: చాలా ఇళ్లలో ఉంటుంది, చూసుకోరు. మన బోర్డుల్లో స్విచ్‌ల పక్కనే 5 ఆంపియర్ల సాకెట్ ఉంటుంది కదా, సాకెట్ పనిచేస్తోందంటే దాని వెనక న్యూట్రల్ ఉన్నట్టే. అదే సర్క్యూట్‌దై ఉండాలి, పక్క గది న్యూట్రల్ లాక్కొస్తే ఆర్‌సీసీబీ పడిపోవచ్చు. రంగు చూసి నమ్మొద్దు, మెయిన్ ఆపి విప్పిన బోర్డులో అన్నీ ఎర్ర వైర్లే ఉన్న ఇళ్లు ఎన్నో చూశాను. మల్టీమీటర్‌తోనే తేల్చాలి, టెస్టర్ లైటు వెలిగిందని సరిపెట్టుకోకూడదు. మీ అమ్మగారి గదిలో సాకెట్ ఉందా?

హోస్ట్: మంచం వెనక ఒక బోర్డు ఉంది, దానికి సాకెట్ ఉంది. డిమ్మర్ మాత్రం తలుపు పక్క బోర్డులో ఉంది.

అన్న: అయితే పైపులో ఇంకో వైరు పట్టేంత చోటుందో చూడాలి, పడితే న్యూట్రల్ లాగేద్దాం. పట్టకపోతే బైపాస్. ఆదివారం పొద్దున వస్తాను, నిచ్చెన ఉంచండి. ఈలోపు ఆ పచ్చ వైరు విప్పించండి, అప్పటిదాకా అమ్మగారిని ఫ్రిజ్ ముట్టుకోనీయకండి.