తెలుగు అక్షరాల్లోనే వెబ్‌సైట్ అడ్రస్: డాట్ భారత్ పేరు ఎంచుకోవడం, కొనడం, నడిపించడం

నమస్తే. హనుమకొండ నుంచి మాట్లాడుతున్న. ఈ వీడియోలో ఒక్కటే పని పెట్టుకుందాం. చుక్కకు ముందూ తెలుగే, చుక్క తర్వాతా తెలుగే ఉండే వెబ్‌సైట్ అడ్రస్ తయారు చేద్దాం. చివర డాట్ భారత్, అది కూడా తెలుగు అక్షరాల్లోనే.

వరంగల్ కొత్తవాడలో దర్రీలు, అంటే నేల మీద పరిచే తివాచీలు, నేసే ఒక సంఘం ఉందనుకోండి. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ, అంటే ఫలానా చోటి సరుకని చెప్పే గుర్తింపు, వచ్చింది, సరుకు అడిగేటోళ్లున్నరు. సంఘం వాళ్లు ఆటోకు మైకు కట్టి వెబ్‌సైట్ పేరు చెప్పిండ్రు. విన్న మనిషి ఫోన్ తీసి ఇంగ్లీషులో కొడుతుండు. కొత్తవాడకు టీ ఒకటా రెండా? మధ్యల హెచ్ ఉందా? వీ కొట్టాలెనా, డబ్ల్యూ కొట్టాలెనా? మూడుసార్లు తప్పు పోతే ఫోన్ జేబులో పెట్టుకుంటడు. తెలుగులో అయితే విన్నది విన్నట్టు రాస్తడు. నేసిన మనిషి కూడా తన సరుకు అడ్రస్‌ను తనే చదువుకుంటడు, ఇంకొకరిని అడగాల్సిన పని లేదు. నాకు ఇదే అన్నిటికన్న పెద్ద లాభం అనిపిస్తది.

ఇగ పనిలోకి పోదాం. ముందు లోపల ఏం జరుగుతదో తెల్వాలె, లేకుంటే తర్వాత ఆగమైతరు.

ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థ, అంటే డీఎన్ఎస్, వెబ్‌సైట్ పేర్లలో ఇప్పటికీ ఇంగ్లీషు అక్షరాలు 26, అంకెలు, ఒక హైఫన్ మాత్రమే వాడుతది. తెలుగు కోసం ఆ వ్యవస్థను మార్చలే. మీరు తెలుగులో కొట్టిన పేరును మీ బ్రౌజరే ఇంగ్లీషు అక్షరాల వరుసగా మార్చి పంపుతది. ఆ మార్చే పద్ధతి పేరు ప్యూనీకోడ్, 2003లో వచ్చింది. ఏ అక్షరాలు చెల్లుతయో చెప్పే నియమాలను 2010లో కొత్తగా రాసిండ్రు. అదే ఏడాది మే నెలలో ఈజిప్టు, సౌదీ, ఎమిరేట్స్ అరబ్బీ లిపిలో, రష్యా తమ సిరిలిక్ లిపిలో దేశం పేరు చివర పెట్టుకున్నయి. మనకు 2014 ఆగస్టులో దేవనాగరితో మొదలై, తర్వాత తెలుగు వచ్చింది.

[స్క్రీన్ మీద: ప్యూనీకోడ్ కన్వర్టర్ పేజీ]

ఇక్కడ "భారత్" అని కొట్టిన. కింద ఏం వచ్చిందో చదువుత: ఎక్స్, ఎన్, రెండు హైఫన్లు, ఆ తర్వాత ఎఫ్ పీ సీ ఆర్ జే 9 సీ 3 డీ. ఎక్స్ ఎన్ హైఫన్ హైఫన్ కనపడ్డదంటే వెనక ఏదో ఒక భాష పేరున్నదని గుర్తు. ఇప్పుడు "ఓరుగల్లు" కొడదాం. ఎక్స్ ఎన్ హైఫన్ హైఫన్, ఎక్స్ ఓ సీ ఐ 8 ఈ జే ఏ 1 జీ డీ 8 జీ. దీన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టుకోండి, పొద్దుగూకేదాక దీనితోనే పని.

కంటికి ఓ, రు, గ, ల్లు అని నాలుగే కనపడతయి. కంప్యూటర్ లెక్క వేరు: ఓ, ర, కొమ్ము, గ, ల, పొల్లు, ల, కొమ్ము, మొత్తం 8. ప్యూనీకోడ్‌లో అది 17 అయింది. అడ్రస్‌లో చుక్కల మధ్య ఉండే ఒక్కో ముక్కకు హద్దు 63. అందుకే పొడుగు పేర్లు పెట్టకండి.

ఇప్పుడు పేరు ఎంచుకోవడం. నిజంగా టైం పెట్టాల్సింది ఇక్కడే. కొనుడు పది నిమిషాల పని, పేరు తప్పు పడితే మాత్రం బోర్డులు, బిల్లు బుక్కులు అన్నీ మార్చాలె.

డొమైన్ పేరులో, అంటే ఈ వెబ్‌సైట్ అడ్రస్‌లో, ఖాళీ ఉండదు, మాటలు అతికించాలె. "వరంగల్", "దర్రీలు" అతికిస్తే ఏమైతది? "వరంగల్దర్రీలు". ద వత్తుగా మారి ల కింద కూసుంది, చదివేటోళ్లకు అడ్డం తగులుతది. అట్ల కాకుండా పొల్లును విడిగా ఉంచడానికి మన కీబోర్డులు కంటికి కనపడని ఒక అక్షరం పెడతయి, దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటరు. వ్యాసం రాసేటప్పుడు అది మంచిదే. డొమైన్‌లో మాత్రం వద్దు. 2003 నియమాలు దాన్ని తీసేస్తయి, 2010 నియమాలు పొల్లు తర్వాత ఉంటే ఉంచుతయి. అంటే ఒకే తీరు కనపడే పేరు రెండు సాఫ్ట్‌వేర్లలో రెండు అడ్రస్‌లు అయితది. అందుకే నేను "ఓరుగల్లు" తీసుకున్న. చివర అచ్చు ఉన్నది కాబట్టి "ఓరుగల్లుదర్రీలు" అని శుభ్రంగా అతుకుతది. వరంగలే కావాలంటే మధ్యల హైఫన్ పెట్టుకోండి, అది ఏ లిపిలోనైనా చెల్లుతది.

ఇంకోటి, ఇది మనోళ్లలో చానా మందికి అలవాటు. అక్షరం పక్కన పెట్టే నిండు సున్న బదులు తెలుగు అంకె సున్నా కొడతరు. పాత డీటీపీ ఫైళ్లల్ల ఎన్ని చోట్ల ఉంటదో! "వరంగల్" అని నిండు సున్నతో రాసినా, "వర౦గల్" అని అంకెతో రాసినా ప్రింటులో తేడా దొరకదు. కంప్యూటర్‌కు అవి వేరు వేరు పేర్లు. కాబట్టి పాత ఫైలు నుంచి కాపీ కొట్టకండి, చేత్తో టైప్ చేయండి.

కన్నడ లిపితోని కూడా జాగ్రత్త. మన గ, ర, ల, జ లాంటివి వాళ్లవాటికి దగ్గరగా ఉంటయి. మోసగాళ్లు ఇసొంటి పోలికలే వెతుకుతరు. 2017లో ఒక పరిశోధకుడు సిరిలిక్ అక్షరాలతో ఆపిల్ కంపెనీ అడ్రస్ లాంటిదే తయారు చేసి, బ్రౌజర్లు కూడా మోసపోతయని చూపించిండు. రూట్ స్థాయి, అంటే చివరి చుక్క తర్వాత వచ్చే పేర్లకు, నియమాలు రాసినోళ్లు తెలుగు, కన్నడల మధ్య ఒకే తీరు కనపడే పేర్లకు అడ్డుకట్ట పెట్టిండ్రు.

తెలుగులో ఒకే స్పెల్లింగ్ ఉంటదని కూడా అనుకోవద్దు. మన ఊరినే హనుమకొండ అంటరు, హన్మకొండ అని రాస్తరు. ఇట్లాంటి పేరైతే రెండూ కొని, ఒకదాన్ని ఇంకోదానికి మళ్లించండి.

కొనడం తొందరగా చెప్త. డాట్ భారత్‌ను నడిపేది నిక్సీ, అంటే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా. గుర్తింపున్న రిజిస్ట్రార్ల, అంటే డొమైన్ పేర్లు అమ్మేటోళ్ల, జాబితా వాళ్ల దగ్గర ఉంటది, అందులోంచి తెలుగు పేర్లు అమ్మేటోళ్లను పట్టుకోండి. సెర్చ్ డబ్బా తెలుగు తీసుకోకపోతే మీరు ఎంచుకున్న పేరును కన్వర్టర్‌లో మార్చి, ఆ ప్యూనీకోడ్ అతికించండి. పేరు ఖాళీగా ఉంటే పైసలు కట్టి, రెన్యూవల్ తారీఖు సంఘంలో ఇద్దరి ఫోన్లలో పెట్టండి.

[స్క్రీన్ మీద: హోస్టింగ్ ప్యానెల్, డీఎన్ఎస్ పేజీ]

హోస్టింగ్‌లో, అంటే మీ సైట్ ఫైళ్లు ఉంచే చోట, డొమైన్ అడిగిన ప్రతి చోటా ప్యూనీకోడే ఇవ్వండి. డీఎన్ఎస్ పేజీలో "A" అనే రికార్డులో మీ సర్వర్ ఐపీ నంబరు పెట్టండి. తాళం గుర్తు కోసం సర్టిఫికెట్ కావాలె. లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2016 నుంచి ఇట్లాంటి పేర్లకు కూడా ఉచితంగా ఇస్తున్నది, అక్కడా ప్యూనీకోడే రాయాలె.

అయిపోయినంక పరీక్ష. రెండు మూడు రకాల ఫోన్లలో, వేరే వేరే బ్రౌజర్లలో తెలుగులో కొట్టి చూడండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ముందు హెచ్‌టీటీపీఎస్ పెట్టి పంపి, లింకు నొక్కితే తెరుచుకుంటదా చూడండి. ఎక్కడన్న ఎక్స్ ఎన్ అని కనపడితే సైట్ పాడైందని భయపడకండి, ఆ యాప్ అట్లనే చూపిస్తదని అర్థం. తెలుగు ఈమెయిల్‌కు 2012 నుంచే ప్రమాణం ఉన్నది, గానీ పంపేటోళ్ల సర్వర్, అందుకునేటోళ్ల సర్వర్ రెండూ ఒప్పుకోవాలె. అందుకని ఆర్డర్ల కోసం ఇంగ్లీషు మెయిల్ ఐడీ ఉంచుకోండి.

చివరగా, వరంగల్‌లో, కరీంనగర్‌లో ఇంజినీరింగ్ చదివే పిల్లలకు ఒక మాట. తెలుగు అడ్రస్‌ను చానా సార్లు ఆపేది డీఎన్ఎస్ కాదు, మనం రాసే ఫారాలే. చివర రెండు నుంచి నాలుగు ఇంగ్లీషు అక్షరాలే ఉండాలని పాత కోడ్ ఎక్కడిదో తెచ్చి అతికిస్తరు, డాట్ భారత్ అక్కడే ఆగిపోతది. ఆ లైను తీసేయండి. వచ్చిన పేరును ముందు ఎన్ఎఫ్‌సీ రూపంలోకి, అంటే ఒకే అక్షరాన్ని ఒకే తీరుగా ఉంచే యూనికోడ్ రూపంలోకి, తేండి, ఎందుకంటే ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు తీర్ల రాయొచ్చు. ఆ తర్వాత 2010 నియమాలు తెలిసిన లైబ్రరీతో ప్యూనీకోడ్‌లోకి మార్చండి. పైథాన్‌లో లోపలే ఉన్న ఐడీఎన్ఏ కోడెక్, అంటే ఈ మార్పు చేసే ముక్క, 2003 నియమాలది, అదే పేరుతో విడిగా దొరికే ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసుకోండి. ఈ వారం మీ కాలేజీ ప్రాజెక్టులో ఉన్న రిజిస్ట్రేషన్ ఫారం తెరిచి, అడ్రస్ డబ్బాలో "ఓరుగల్లు.భారత్" కొట్టి చూడండి. తప్పని చెప్తే, సరిచేయాల్సిన కోడ్ మీ చేతుల్లోనే ఉన్నది.