నత్తను నోరు చూసి పోల్చండి

(సముద్రతీర నడకకు ముందురోజు విశాఖపట్నంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు కిటికీ అరుగుల మీద కూర్చోండి, మొహమాటం వద్దు. ఒక స్టీలు గిన్నె వరసల వెంట తిరుగుతోంది. అందులోంచి తలా ఒక గుల్ల తీసుకుని చేతిలో ఉంచుకోండి. చెవి దగ్గర పెట్టుకున్నా హోరు వినబడదు, అవి మరీ చిన్నవి.

ఆ గుల్లలు విశాఖవి కావు. మా అమ్మాయి స్కాట్లాండు తూర్పు తీరంలో ఉంటుంది. పురిటికి సాయంగా వెళ్లి నాలుగు నెలలు ఉన్నాను. పసిదాన్ని నిద్రపుచ్చాక కాసేపు రాళ్ల మీదికి పోయేదాన్ని. జంతుశాస్త్రం పాఠాలు చెప్పీ చెప్పీ రిటైరయినదాన్ని, నత్త కనబడితే కాలు ముందుకు పడదు. అక్కడ ఎటు చూసినా ఇదే నత్త. ఇంగ్లీషులో పెరివింకిల్, వాడుకలో వింకిల్. శాస్త్రీయ నామం లిట్టొరినా లిట్టొరియా. మన పెరట్లో పూసే బిళ్లగన్నేరును కూడా ఇంగ్లీషులో పెరివింకిల్ అనే అంటారు. ఇంటికెళ్లి ఫోన్లో వెతికితే ముందు పువ్వులు వస్తాయి, కంగారు పడకండి.

ఈ నత్తను అక్కడివాళ్లు తింటారని తెలిసి, మొదటి రోజే ఉత్సాహంగా ఒక గిన్నెడు ఏరుకొచ్చాను. పక్కింటి పెద్దాయన చూసి, మాటా పలుకూ లేకుండా మెట్ల మీద కూర్చుని ఒక్కొక్కటీ తిరగేసి రెండు కుప్పలు పెట్టాడు. సగానికి సగం వేరే నత్తలు! నేను రంగు చూసి ఏరాను. బూడిద రంగు, ముదురు గోధుమ, నలుపు, ఇలా ఉంటే చాలనుకున్నాను. ఆయన రంగు వంకే చూడలేదు. ప్రతిదానికీ నోరు చూశాడు. నోరంటే గుల్ల తెరుచుకునే వాకిలి. ఈ వయసులో పరీక్ష తప్పినట్టయింది గానీ, ఇవాళ మీకు చెప్పదలచుకున్నది మాత్రం ఆ మెట్ల మీదే దొరికింది.

ఇప్పుడు మీ చేతిలోది తిరగేయండి. మొన పైకి, నోరు మీ వైపు. నోరు కుడిపక్కన ఉందా? ఉంటుంది. దాదాపు అన్ని నత్తలకూ అంతే, మామూలు శంఖానికి కూడా. మరి దాన్ని వామావర్తమని, ఎడమకు తిరిగిందని ఎందుకంటారని అడుగుతారు. మనం శంఖాన్ని పట్టుకునే తీరు, జంతుశాస్త్రం వాళ్లు పట్టుకునే తీరుకు తలకిందులు. అందుకే మనకు దక్షిణావర్తమైనది వాళ్ల లెక్కలో ఎడమచేతి వాటం. గొడవేమీ లేదు, ఎవరు ఎటు పట్టుకున్నారన్నదే తేడా.

మళ్లీ నోటి దగ్గరకు వద్దాం. వింకిల్ నోరు గుండ్రం, అంచు ఎక్కడా తెగి ఉండదు. లోపలి పెదవి తెల్లగా ఉంటుంది. నా గిన్నెలోంచి పెద్దాయన ఏరేసినవి వేటాడే జాతి నత్తలు, డాగ్‌వెల్కులు. వాటి నోటికి కింది అంచున ఒక గాడి ఉంటుంది. ఎందుకా గాడి? వేటాడే నత్త నీళ్లు పీల్చి, ఎర ఎటుందో వాసన పట్టడానికి ఒక గొట్టాన్ని బయటికి చాస్తుంది. ఆ గొట్టానికి దారే గాడి. మన శంఖానికి సన్నగా సాగిన చివర ఉంటుంది చూడండి, అదీ ఇలాంటి దారే. శంఖంలో ఉండే జీవి సముద్రపు పురుగులను తింటుంది. డాగ్‌వెల్కు ఆలుచిప్పలకూ, రాళ్లకు అంటుకుని పెరిగే బార్నకిల్స్‌కూ రంధ్రం చేసి లోపలి మాంసం తింటుంది. వింకిల్‌కు ఆ తిప్పలేవీ లేవు. రాతి మీది నాచు ఎక్కడికీ పారిపోదు కదా. నాలుక మీద వరసలు వరసలుగా పళ్లుంటాయి, కొబ్బరి కోరాము లాగా. దాంతో గీకి తింటుంది. ముందు వరస అరిగిపోతుంటే వెనక నుంచి కొత్తవి వస్తూ ఉంటాయి.

వింకిల్‌కు సొంత కుటుంబంలోనే పోలికలున్న చెల్లెలు ఒకటుంది, లిట్టొరినా సాక్సటిలిస్. దానికీ నోటి అంచు తెగదు. అప్పుడు పై పెదవి గుల్లను ఎక్కడ తాకుతోందో చూడాలి. వింకిల్‌లో ఆ పెదవి, పక్కరోడ్డు వచ్చి బీచ్ రోడ్డులో వాలుగా కలిసినట్టు కలుస్తుంది. చెల్లెలిలో నిలువుగా వచ్చి తగులుతుంది. రెండింటికీ తేడా కంచంలో కూడా తెలుస్తుంది. వింకిల్ గుడ్లను సన్నని తొడుగుల్లో పెట్టి నీళ్లలోకి వదిలేస్తుంది. పిల్లలు కొన్ని వారాలు సముద్రంలో తేలి, ఆ తర్వాత రాతికి చేరతాయి. చెల్లెలేమో పిల్లలను కడుపులోనే, గుల్లలతో సహా పెంచుతుంది. దాన్ని నోట్లో వేసుకుంటే ఇసుక నమిలినట్టు కరకరలాడుతుంది.

పరిమాణం కూడా చెప్పాలి. మామూలుగా 2, 3 సెంటీమీటర్లు. బాగా పెరిగితే 5 దాకా. లోపలికి ముడుచుకున్నాక నోటికి వేసుకునే మూత ఒకటుంటుంది, అది కొమ్ముతో చేసినట్టు పల్చగా, ముదురు గోధుమ రంగులో ఉంటుంది. మీ చేతిలోని వాటికి మూతలు లేవు. ఎందుకు లేవో తినడం గురించి మాట్లాడేటప్పుడు చెబుతాను.

అయితే నోరు గుండ్రంగా ఉన్నదల్లా శాకాహారి అని రాసుకోకండి. ఆర్కే బీచ్‌లో పిల్లలు దండ గుచ్చడానికి ఏరే గుల్లలు గుర్తున్నాయా? సూది అక్కర్లేకుండా ముందే చక్కని గుండ్రటి రంధ్రం ఉంటుంది. చిన్నప్పుడు నేను అది దేవుడి దయ అనుకునేదాన్ని. అది నాటికా అనే ఇసుక నత్త పని. ఆ రంధ్రం పైన వెడల్పుగా, లోపలికి సన్నగా ఉంటే అదే అనుకోండి. దాని నోటికి గాడి ఉండదు, చూడటానికి మహా సాధువు. కాబట్టి నోరు చూడండి, ఎక్కడ దొరికిందో కూడా చూడండి. రాతి మీదా, ఇసుకలోనా అన్నది సగం జవాబు.

ఇక మన రాళ్లు. రేపు మనం వెళ్లేది తెన్నేటి పార్కు కిందికి, 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చి కూర్చున్న చోటికి. అక్కడ వింకిల్ దొరకదు. అది ఉత్తర అట్లాంటిక్ చలినీళ్ల నత్త. కానీ దాని కుటుంబం వాళ్లున్నారు. కెరటం తుంపర మాత్రమే తగిలే పై రాళ్ల పగుళ్లలో, శనగగింజంత నత్తలు గుంపులుగా ఉంటాయి. స్కాట్లాండు వింకిల్ చలికి గడ్డకట్టి బతికితే, మనవి ఎండకు మాడి బతుకుతాయి. రాయి కాలిపోతుంటే ఒళ్లంతా లోపలికి లాక్కుని మూత వేసుకుంటాయి. పెదవి అంచును మాత్రం జిగురుతో రాతికి అంటించి వేలాడతాయి. చచ్చిపోయాయనుకుని గీకి చూడొద్దు.

కాస్త కిందికి దిగితే నెరిటా నత్తలు, నోరు అర్ధచంద్రాకారం. ఇంకా కింద, నీళ్లు తీసినప్పుడు, అంటే ఆటుకు సముద్రం వెనక్కి తగ్గినప్పుడు మాత్రమే బయటపడే చోట టర్బో అనే నత్త. చాన్నాళ్ల కిందట జాలారిపేట ఆవిడొకరు నాకు దాన్ని చూపిస్తూ, "నోటికి రాయి అడ్డమెట్టుకుంది సూడమ్మా" అంది. ఇంతకన్నా బాగా నేను క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు. టర్బో మూత నిజంగానే సున్నపురాయి, ఉబ్బెత్తుగా బొత్తాంలా ఉంటుంది. తమాషా ఏమిటంటే, జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ 1758లో మన చేతిలోని వింకిల్‌కు పేరు పెట్టినప్పుడు దాన్ని టర్బో లోనే కలిపాడు. ఇద్దరి నోళ్లూ గుండ్రమే మరి. తర్వాతివాళ్లు విడదీశారు.

నత్తనడక అని తేలిగ్గా అంటాం. వింకిల్‌ను గాజు పలక మీద వదిలి కింద నుంచి చూడాలి. దాని పాదం మధ్యలో నిలువుగా ఒక గీత ఉంటుంది. కుడి సగం కదిలాక ఎడమ సగం, ఎడమ తర్వాత కుడి. ఉన్న ఒక్క పాదాన్నే రెండు చేసుకుని నడుస్తుంది! మా మనవరాలి కోసం తెచ్చిన పాల గ్లాసులో వేసి చూశాను. అమ్మాయి ఆ గ్లాసును మళ్లీ వాడనివ్వలేదు.

ఆ నడక నడిచే నత్తే ఉత్తర అమెరికా తీరాన్ని మార్చేసింది. కెనడాలోని నోవాస్కోషియా తీరంలో 1840లో కనబడింది, యూరప్ నుంచి మనుషుల వెంటే వెళ్లి ఉంటుంది. అక్కడి నుంచి అట్లాంటిక్ తీరం వెంట దక్షిణంగా పాకింది. దీనికి మెత్తటి పచ్చనాచు అంటే ప్రాణం, గట్టి ఎర్రనాచు సయించదు. జీవశాస్త్రవేత్త జేన్ లుబ్‌చెంకో 1978లో ప్రచురించిన పరిశోధనలో, నీటి గుంటల్లోంచి వింకిల్స్‌ను తీసేస్తే పచ్చనాచు కమ్మేసిందని, నత్తలు ఎక్కువగా ఉన్నచోట ఎర్రనాచు మిగిలిందని చూపించారు. ఒక గుంటలో ఏ నాచు ఉందో చూసి, అక్కడ ఎవరు తింటున్నారో చెప్పొచ్చన్నమాట. రేపు మన గుంటల్లోనూ ఈ కంటితో చూడండి.

మనది రేవు పట్నం కాబట్టి ఇంకొక్క మాట. ఓడల అడుగున బార్నకిల్స్ పట్టకుండా ఒకప్పుడు ట్రైబ్యుటైల్ టిన్ అనే తగరపు రసాయనం కలిపిన రంగు వేసేవారు. అది నీళ్లలోకి కారి, ఆడ డాగ్‌వెల్కులకు మగ అవయవాలు మొలిచాయి. గుడ్లు బయటికి వచ్చే దారి మూసుకుపోయి, కొన్ని రేవుల దగ్గర ఆ నత్తలే లేకుండా పోయాయి. 2001లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం 2008లో అమల్లోకి వచ్చాక ఆ రంగు ఆగింది.

సరే, మీరంతా ఎదురుచూస్తున్న ప్రశ్న: తినొచ్చా? వింకిల్‌ను నిక్షేపంగా తింటారు. ఉప్పునీళ్లలో కొద్ది నిమిషాలు ఉడికించి, గుండుసూదితో మూత ఊడదీసి, మాంసాన్ని మెలితిప్పుతూ బయటికి లాగుతారు. మూతలు అక్కడ పోయాయి. స్కాట్లాండు, ఐర్లండు రాళ్ల మీద చేత్తో ఏరినవి ఫ్రాన్సుకు ఎగుమతి అవుతాయి. రుచి? మన చెరువు నత్తల పులుసు తిన్నవాళ్లకు కొత్తేమీ కాదు. కాకపోతే అల్లంవెల్లుల్లి, కారం లేకుండా నాకు సహించలేదు.

మన రాళ్ల మీది నత్తలను మాత్రం నేను తినను, మిమ్మల్నీ తినమనను. తినదగనివని కాదు. ఊరి మురుగు కలిసే తీరమిది. ఉడికిస్తే క్రిములు చస్తాయి గానీ సీసం, కాడ్మియం లాంటివి ఎక్కడికీ పోవు.

ఒక్క నోటిని మాత్రం తప్పకుండా గుర్తుపెట్టుకోండి. గుల్ల గరాటులా ఉండి, నోరు సన్నటి నిలువు చీలికలా ఉంటే అది కోనస్. ఎంత అందంగా ఉన్నా, బతికున్నదాన్ని ముట్టుకోకండి, జేబులో అసలే వేసుకోకండి. విషం నింపిన పంటిని తొండంలోంచి బాణంలా విసురుతుంది. వెడల్పు వైపు పట్టుకుంటే ఏమీ కాదన్న మాట నమ్మకండి, ఆ తొండం అటూ తిరుగుతుంది. ఈ జాతుల్లో కోనస్ జియోగ్రాఫస్ మనుషులను చంపింది. మరో జాతి, కోనస్ మేగస్ విషంలోని పదార్థాన్ని అనుసరించి చేసిన జికోనోటైడ్ అనే నొప్పి మందుకు 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది.

రేపు నీళ్లు తీయడానికి గంట ముందే చేరుకోవాలి. హవాయి చెప్పులు వద్దు, నాచు మీద జారతాయి. రాయి ఎత్తి చూస్తే ఎలా ఉన్నదాన్ని అలాగే బోర్లించండి, దాని అడుగున ఉన్నవాటికి ఎండ సరిపడదు. కొన్ని గుల్లలు వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వస్తాయి, కాబట్టి ఏదీ ఇంటికి తీసుకెళ్లొద్దు, ఫోటోలు చాలు. ఫోటో తీసేటప్పుడు పైనుంచి ఒకటి, నోటి వైపు ఒకటి తీయండి. పైనుంచి తీసినది మాత్రమే పంపి "మేడమ్, ఇదేంటి?" అంటే నేను చెప్పలేను.

గిన్నె వెనక్కి వస్తోందా? ఇరవై ఆరు ఉండాలి. ఆ గిన్నెలో ఒక్క డాగ్‌వెల్కును కూడా కలిపాను. ఎవరి చేతిలో ఉందో చెయ్యెత్తండి.