గుంటూరు వాకిట్లో అనంతం: నాలుగు లెక్కల చిక్కుముళ్ల రివ్యూ

నమస్కారమండీ. నేనిప్పుడు గుంటూరు బ్రాడీపేటలో, ఒక లైనూ ఒక అడ్డరోడ్డూ కలిసే మూల మీద నిలబడి ఉన్నాను. వెనక ఆటోల హారన్లు వినిపిస్తే ఏమనుకోకండి.

ఇవాళ రివ్యూ చేస్తున్నది లెక్కల్లోని నాలుగు చిక్కుముళ్లను. నాలుగింటిలోనూ ఎక్కడో ఒకచోట అనంతం ఉంటుంది, నాలుగూ మన కంటిని మోసం చేస్తాయి. ఇంటర్‌లో ఉండగా వీటిలో ఒకదాని గురించి అడిగితే మా సారు "పరీక్షలో రాదు, వదిలెయ్" అన్నారు. ఆ బాధ నాకు ఇంకా ఉంది. అందుకే నెల రోజులుగా నాలుగింటినీ నా చేత్తో చేసి చూశాను. చేత్తో చేస్తే ఏది ఎంతదూరం వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదాన్ని బట్టే మార్కులు వేశాను.

మొదటిది ఈ రోడ్ల మీదే ఉంది. బ్రాడీపేట తెలియని వాళ్ల కోసం చెబుతాను. ఇక్కడ లైన్లు ఒకవైపు, అడ్డరోడ్లు ఇంకోవైపు, గళ్ల నోటుబుక్కులా ఉంటాయి. "నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు" అంటే ఎవరైనా దారి చూపిస్తారు. ఇక్కడి నుంచి తూర్పుకు 300 మీటర్లు, ఉత్తరానికి 300 మీటర్లు అవతల ఉన్న మూలకు వెళ్లాలనుకోండి. నేరుగా వెళ్లి ఒక్కసారే మలుపు తిరిగితే 600 మీటర్లు. అలా కాకుండా ప్రతి అడ్డరోడ్డు దగ్గరా తిరుగుతూ, మెట్లు మెట్లుగా వెళ్లినా 600 మీటర్లే. ఇప్పుడు మీటరుకో సందు ఉందనుకుందాం. ఆ తర్వాత సెంటీమీటరుకో సందు. పైనుంచి డ్రోన్‌తో చూస్తే మన దారి అచ్చం ఏటవాలు గీతలా కనిపిస్తుంది. ఆ గీత పొడవు పైథాగరస్ లెక్కన సుమారు 424 మీటర్లు. మన కాళ్లు నడిచింది మాత్రం 600. మలుపులు కోటి చేసినా ఒక్క మీటరు కూడా తగ్గదు.

నాకు ఇది అర్థమైంది నడుస్తున్నప్పుడే. దారి గీతకు ఎంత దగ్గరైనా, ప్రతి అడుగూ తూర్పుకో ఉత్తరానికో పడుతోంది. ఈశాన్యానికి ఒక్క అడుగూ పడటం లేదు. చోటు దగ్గరైనా దిశ కలవలేదు, పొడవేమో దిశను బట్టి ఉంటుంది. దీనికి ఐదుకు నాలుగు మార్కులు. ఖర్చు లేదు, ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా చూపించొచ్చు.

రెండోది మా వాకిట్లో జరిగింది. ఎక్కువసేపు దీని గురించే మాట్లాడతాను, ఎందుకంటే నెల మొత్తంలో నన్ను నిద్రపోనివ్వనిది ఇదే.

స్వీడన్ గణిత శాస్త్రవేత్త హెల్గె వాన్ కోక్ 1904లో ఒక వంపు గీత గురించి రాశారు. దాంతో గీసే బొమ్మ మంచు రేకులా ఉంటుంది. నాకైతే చూడగానే ముగ్గు అనిపించింది. కళ్లాపి చల్లిన వాకిట్లో 81 సెంటీమీటర్ల భుజంతో సమబాహు త్రిభుజం వేశాను. చుట్టుకొలత 243 సెంటీమీటర్లు. ఇప్పుడు ప్రతి భుజాన్నీ మూడు భాగాలు చేసి, మధ్య భాగం చెరిపేసి, అక్కడ బయటికి పొడుచుకొచ్చేలా చిన్న త్రిభుజం కొన పెట్టాలి. మూడు ముక్కలున్న చోట నాలుగు ముక్కలు వస్తాయి. అంటే ప్రతి అంచెలోనూ చుట్టుకొలత మూడో వంతు పెరుగుతుంది. 243 కాస్తా 324 అయింది, తర్వాత 432, ఆ తర్వాత 576.

మా అమ్మ కాసేపు చూసి, "ఇదేం ముగ్గురా, చుక్కలేవి?" అంది. లెక్క చెప్పాను. "లే అవతలికి, నీ చెయ్యి వణుకుతోంది" అని తనే కూర్చుంది. నాలుగో అంచె మొత్తం అమ్మే వేసింది. 768 చిన్న గీతలు, ఒక్కోటీ ఒక్క సెంటీమీటరు. మొత్తం 768 సెంటీమీటర్లు. ఐదో అంచె అనేసరికి తలెత్తి, "ఇంకా చిన్నది పెడితే పిండి కలిసిపోద్దిరా" అంది. నిజమే, ముగ్గు గీత మందమే అర సెంటీమీటరు ఉంటుంది. దానికంటే చిన్న కొన గీతలోనే కలిసిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మధ్యలో మేకు కొట్టి, 47 సెంటీమీటర్ల తాడుతో చుట్టూ సున్నా గీశాను. ముగ్గు మొత్తం అందులోనే ఉంది. ఎన్ని అంచెలు వేసినా ఆ సున్నా దాటదు. వైశాల్యం కూడా మొదటి త్రిభుజానికి 8/5 వంతుల దగ్గర ఆగిపోతుంది. అంటే అర చదరపు మీటరు కూడా కాదు. చుట్టుకొలత మాత్రం ఆగదు. కాగితం మీద నూరో అంచెకి లెక్క కట్టాను. దాదాపు 750 కోట్ల కిలోమీటర్లు వచ్చింది. సూర్యుడు మనకు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. సూర్యుడి దాకా యాభైసార్లు వెళ్లే గీత మా వాకిట్లో, చేతులు రెండూ బారగా చాపితే అందే చోట్లో పడుతుంది. దీనికి ఐదుకు ఐదు. ఇంకో ఆలోచన లేదు.

ఇదేదో కాగితాల మీది ముచ్చట అనుకునేవాళ్లు ఒక్కసారి సూర్యలంక బీచ్‌ని గుర్తు చేసుకోండి. ఆదివారం గుంటూరు సగం అక్కడే ఉంటుంది కదా. మనం బడిలో చదువుకున్న భారతదేశ తీరరేఖ 7,516 కిలోమీటర్లు. ఈ మధ్య మరింత వివరమైన పటాలతో మళ్లీ కొలిస్తే 11,098 కిలోమీటర్లు తేలింది. మన ఆంధ్ర తీరం 974 నుంచి 1,053 అయింది. పెద్ద స్కేలుతో కొలిచినప్పుడు అందని మెలికలు, పాయలు చిన్న స్కేలుకు అందుతాయి. స్కేలు చిన్నదయ్యేకొద్దీ తీరం పొడవవుతుంది. గణిత శాస్త్రవేత్త మాండెల్‌బ్రాట్ 1967లో బ్రిటన్ తీరం పొడవెంత అని అడిగి, ఈ సంగతినే ప్రపంచం ముందు పెట్టారు.

మూడోది నోటుబుక్కులు. త్వరగా చెప్పేస్తాను. 24 సెంటీమీటర్ల పొడవున్నవి, ఒకే రకం, నాలుగు తీసుకోండి. టేబుల్ అంచున ఒకదాని మీద ఒకటి పేర్చాలి. అన్నిటికంటే పైది దాని కింది దాని మీద 12 సెంటీమీటర్లు బయటికి, రెండోది 6, మూడోది 4, అడుగుది టేబుల్ అంచు నుంచి 3. మొత్తం 25. అంటే పై పుస్తకం పూర్తిగా గాలిలో ఉంటుంది, అయినా పడదు! లెక్క సరిగ్గా అంచు మీద ఉంటుంది కాబట్టి, అన్నిటినీ ఒక్కో మిల్లీమీటరు వెనక్కి జరపండి. నావి తొమ్మిదిసార్లు పడ్డాయి, పదోసారి నిలబడ్డాయి. ఇలా పేరుస్తూ పోతే ఎంత దూరమైనా వెళ్లొచ్చు. ఎందుకంటే ఇక్కడ దాగి ఉన్నది 1 + 1/2 + 1/3 + 1/4 అనే శ్రేణి. అది ఎక్కడా ఆగకుండా పెరుగుతూనే ఉంటుందని ఫ్రాన్స్‌లో ఒరెమ్ అనే పండితుడు 14వ శతాబ్దంలోనే నిరూపించారు. కాకపోతే నడక మరీ నెమ్మది. రెండు పుస్తకాల పొడవు బయటికి రావాలంటే 31 పుస్తకాలు, మూడు పొడవులకు 227 కావాలి. మూడున్నర మార్కులు. అట్టలు వంగకుండా ఉంటే ఇంకో అర ఇచ్చేవాణ్ని.

ఈ శ్రేణిని గుర్తుపెట్టుకోండి, నాలుగోదానిలో మళ్లీ వస్తుంది. నేను ఇంటర్‌లో అడిగింది దీని గురించే. బారోమీటరు కనిపెట్టిన ఇటలీ శాస్త్రవేత్త టారిసెల్లీ 1640ల్లో కనుక్కున్న కొమ్ము ఇది. సన్నాయిలా ఒకవైపు విశాలంగా ఉండి, రెండోవైపు అంతు లేకుండా సన్నబడుతూ పోతుంది. పది సెంటీమీటర్లను ఒక కొలతగా పెట్టుకుందాం. ఒక సున్నా గుర్తు నుంచి దూరాలు లెక్కపెడితే మూతి 1 దగ్గర ఉంటుంది, అక్కడ వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు. 2 దగ్గర అందులో సగం, 3 దగ్గర మూడో వంతు, అలా పోతూనే ఉంటుంది.

చార్టుతో ఒక మీటరు పొడవు చేశాను. కొన దగ్గర వ్యాసార్ధం సెంటీమీటరు కూడా లేదు. ఈ మీటరులోనే సుమారు 2.86 లీటర్లు పడుతుంది. బియ్యం పోసి కొలిస్తే లెక్కకు దగ్గరగానే వచ్చింది. ఇక మిగిలిన అంతులేని తోక మొత్తానికీ పట్టేది 300 మిల్లీలీటర్ల లోపే. మొత్తం ఘనపరిమాణం సుమారు 3.14 లీటర్లు, అంటే సరిగ్గా పై (π) లీటర్లు. కానీ ఉపరితల వైశాల్యం అనంతం. అందుకే అంటారు, ఈ కొమ్మును మూడు లీటర్ల చిల్లర రంగుతో నింపేయొచ్చు గానీ, దాని గోడకు రంగు వేయాలంటే ప్రపంచంలోని రంగు చాలదని.

మరి నింపినప్పుడు లోపలి గోడకు రంగు అంటుకున్నట్టే కదా? అప్పట్లో నేను అడిగిన ప్రశ్న ఇదే. జవాబు మా అమ్మ ముగ్గు దగ్గర దొరికింది. అక్కడ పిండికి మందం ఉంది, ఇక్కడ రంగుకూ మందం ఉంది. గోడంతా ఒకే మందంతో రంగు వేయాలంటే చాలదు. నింపినప్పుడు మాత్రం పూత మందం గొట్టంతో పాటే సన్నబడుతూ పోతుంది, కాబట్టి సరిపోతుంది. ఘనపరిమాణంలో వ్యాసార్ధం వర్గం వస్తుంది, 1 + 1/4 + 1/9 అలా. అది ఒకచోట ఆగుతుంది. వైశాల్యంలో నోటుబుక్కుల శ్రేణే వస్తుంది, అది ఆగదు. నెమ్మదిగా మాత్రం వెళ్తుంది. ఒక్క చదరపు మీటరు వైశాల్యం రావాలంటే ఈ కొమ్ము 700 కిలోమీటర్లకు పైగా సాగాలి, దాదాపు ఇక్కడి నుంచి విశాఖ వెళ్లి తిరిగొచ్చినంత. మంగళగిరి చేరేసరికే గొట్టం అడ్డకొలత ఒక బ్యాక్టీరియా అంత అయిపోతుంది. నిజమైన రంగు అక్కడ దూరదు. చేత్తో చేయగలిగేది ఒక్క మీటరే కాబట్టి నాలుగు మార్కులు. నా మనసులో దీని స్థానం వేరు.

ఈ వీడియో ఎడిట్ చేస్తుండగా అమ్మ వచ్చి, "ఐదో అంచె రావాలంటే ఏం చెయ్యాలిరా?" అని అడిగింది. త్రిభుజం భుజం మూడు రెట్లు చేయాలి, 243 సెంటీమీటర్లు. అప్పుడు సెంటీమీటరు గీతలు 3,072 వస్తాయి. 2.8 మీటర్ల వెడల్పు చోటు కావాలి. వాకిట్లో స్కూటర్ తీసేస్తే సరిపోతుందట. రేపు పొద్దున్నే మొదలుపెడుతున్నాం.