హోల్ట్ కుటుంబం, ఇల్సాన్ పిల్లలు

శ్రోతలకు నమస్కారం.

పుట్టుకతోనే ఏదో ఒక వైకల్యం ఉన్న పసివాళ్లను దేశం కాని దేశం నుంచి తెచ్చుకుని పెంచుకునే కుటుంబాల గురించి అప్పుడప్పుడూ వింటుంటాం. ఎందుకు తెచ్చుకున్నారని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే: దేవుడు చెప్పాడు, చేశాం. ఆ జవాబును నేను తేలిగ్గా తీసుకోను. దాని వెనక ఎంత బలం ఉందో, ఎంత ప్రమాదం ఉందో రెండూ చూపించిన కుటుంబం ఒకటి ఉంది. ఈ రోజు ఆ కుటుంబం గురించే చెబుతాను.

అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రం, క్రెస్వెల్ అనే చిన్న ఊరు. హారీ హోల్ట్, ఆయన భార్య బెర్తా. పొలం ఉంది, సామిల్లు నడిపిన అనుభవం ఉంది, ఆరుగురు పిల్లలున్నారు. 1950లో హారీకి గుండెపోటు వచ్చింది. బతికి బయటపడ్డాక, మిగిలిన ఆయుష్షు దేవుడి పనికే అనుకున్నాడు. ఆ పని ఏమిటన్నది మాత్రం నాలుగేళ్ల తర్వాత తెలిసింది. 1954 చివర్లో కొరియా అనాథల మీద తీసిన ఒక డాక్యుమెంటరీని భార్యాభర్తలు చూశారు. అంతకు ముందు ఏడాదే అక్కడ యుద్ధం ఆగింది. విదేశీ సైనికులకూ కొరియా స్త్రీలకూ పుట్టిన పిల్లలను ఆ సమాజం తనవాళ్లనుకోలేదు. తండ్రి పేరు మీదే కుటుంబ రిజిస్టరు నడిచే దేశంలో తండ్రి లేని బిడ్డకు చోటెక్కడ?

ఎనిమిది మందిని తెచ్చుకుందామని దంపతులు నిర్ణయించుకున్నారు. ఒక కుటుంబానికి ఇద్దరు అనాథలకు మించి అనుమతించని చట్టం అడ్డొచ్చింది. వీళ్ల కోసం అమెరికా కాంగ్రెస్ 1955లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. హారీ అప్పటికే కొరియా బయల్దేరాడు. దారిలో టోక్యోలో మనసు తడబడి బైబిలు తెరిస్తే, యెషయా గ్రంథం నలభై మూడో అధ్యాయం కనిపించిందట. తూర్పు నుంచి నీ సంతానాన్ని రప్పిస్తానని దేవుడు అభయమిచ్చే మాట అది. ఆ మాటే ఆయనకు ఆజ్ఞ అయింది. 1955 అక్టోబరులో పన్నెండు మంది పసివాళ్లతో విమానం దిగాడు. వాళ్లలో ఎనిమిది మంది ఆయన ఇంటికి, మిగిలినవాళ్లు వేరే కుటుంబాలకు.

పత్రికల్లో ఫొటోలు రాగానే, మాకూ ఒక బిడ్డ కావాలంటూ దేశం నలుమూలల నుంచీ ఉత్తరాలు వచ్చాయి. మరుసటి ఏడాది హోల్ట్ దత్తత సంస్థ మొదలైంది. విమానాలు అద్దెకు తీసుకుని పిల్లలను తరలించారు. తల్లిదండ్రులు కాబోయేవాళ్లు కొరియా వెళ్లక్కర్లేదు, వాళ్ల తరఫున హారీయే అక్కడ సంతకం పెట్టేవాడు. వాళ్లు క్రైస్తవ విశ్వాసులై ఉండాలన్నది ఆయన ముఖ్యమైన షరతు. ఆ ఇల్లు ఎలాంటిది, ఆ దంపతులు ఎలాంటివాళ్లు, జబ్బుతో ఉన్న బిడ్డను చూసుకోగలరా అని ఇంటికెళ్లి విచారించే పద్ధతి అప్పటికే అమెరికాలో ఉంది. దాన్ని పక్కన పెట్టారని సోషల్ వర్కర్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆ సుదీర్ఘ ప్రయాణాల్లో కొందరు పసివాళ్లు చనిపోయారు కూడా. 1961లో చట్టం మార్చి, చూడకుండా సంతకాలతో జరిగే దత్తతలకు తెర దించారు.

హారీ తొందరను నేను అర్థం చేసుకోగలను. కళ్ల ముందు బిడ్డ ఆకలితో నీరసించిపోతుంటే ఫైలు గురించి ఎవరాలోచిస్తారు? కానీ పెంచుకునే ఇంటిని విచారించడం బిడ్డకు రక్షణ. పెద్దవాళ్ల భక్తి ఎంత నిజమైనదైనా ఆ రక్షణకు బదులు కాదు.

ఈ కథలో నా మనసుకు ఎక్కువ పట్టిన భాగం విమానాల గురించి కాదు. ఎవరూ ఎంచుకోని పిల్లలు కొందరు ఎప్పుడూ మిగిలిపోయేవారు. సెరిబ్రల్ పాల్సీ, అంటే పసితనంలోనే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో లేనివాళ్లు, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లు, నడవలేనివాళ్లు. వాళ్ల కోసం 1960ల మొదట్లో సియోల్ దగ్గర ఇల్సాన్‌లో ఒక కొండవాలు మీద ఆశ్రమం కట్టారు. హారీ 1964లో కొరియాలోనే గుండెపోటుతో పోయాడు. ఆయన సమాధి ఇల్సాన్‌లోనే ఉంది. భర్త పోయాక బెర్తా పని ఆపలేదు. అందరూ హోల్ట్ నానమ్మ అని పిలిచే ఆ మనిషి తొంభై దాటిన వయసులోనూ పరుగు పందేల్లో పాల్గొంది. 2000లో, 96 ఏళ్ల వయసులో కన్నుమూశాక ఆమెనూ భర్త పక్కనే పూడ్చారు.

వాళ్ల కూతురు మాలీ హోల్ట్ నర్సు. 1956లో తండ్రికి సాయం చేయడానికి కొరియా వెళ్లింది. పెళ్లి చేసుకోలేదు. కొరియా భాష నేర్చుకుంది, ఇల్సాన్‌లో వైకల్యమున్న వాళ్లతో కలిసి ఒకే ఇంట్లో ఉంది. దేశం దాటించడానికి వీలుకాని పిల్లలు పెరిగి పెద్దవాళ్లై, నడివయసుకు వచ్చేదాకా వాళ్లతోనే ఉంది. 2019లో ఆమె కూడా అక్కడే కన్నుమూసింది. ఇల్సాన్‌లో ఇప్పుడు ప్రత్యేక పాఠశాల ఉంది, అక్కడివాళ్లే పాడే గాయక బృందం ఉంది, వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ జట్టు ఉంది. బిడ్డను తీసుకెళ్లడం ఒక రోజు పని. పక్కన ఉండిపోవడం అరవై ఏళ్ల పని. ఆ కుటుంబం విశ్వాసాన్ని తూకం వేయమంటే నేను ఇల్సాన్‌నే త్రాసులో పెడతాను.

అయితే ఆ కుటుంబం తెరిచిన దారి తర్వాత ఏమైందో చెప్పకుండా దాటెయ్యడం న్యాయం కాదు. యుద్ధం ముగిసి దశాబ్దాలు గడిచినా కొరియా నుంచి పిల్లలు వెళ్తూనే ఉన్నారు. 1980ల మధ్యలో ఒక్క ఏడాదిలోనే ఎనిమిది వేల మందికి పైగా వెళ్లారు. మొత్తం దాదాపు రెండు లక్షల మంది అని అంచనా. చాలామంది యుద్ధ అనాథలు కారు, పెళ్లికాని తల్లుల బిడ్డలు. ఆ దేశపు సత్య శోధన కమిషన్ 2025 మార్చిలో తన విచారణ ఫలితాలు బయటపెట్టింది. కన్నవాళ్లు ఉండగానే అనాథలని రాశారు, తల్లుల అంగీకారం సరిగ్గా తీసుకోలేదు, ఒక బిడ్డ పేరు మీద ఇంకో బిడ్డను పంపారు, ఇవన్నీ జరుగుతున్నా ప్రభుత్వం పర్యవేక్షించలేదు అని చెప్పింది. ఇంకో అన్యాయం అమెరికాలో జరిగింది. దత్తత వచ్చిన పిల్లలకు పౌరసత్వం తనంతట తానే వచ్చేలా 2000లో చట్టం చేశారు కానీ, అది అమల్లోకి వచ్చేనాటికి పద్దెనిమిది నిండినవాళ్లకు వర్తించలేదు. పెంచినవాళ్లు కాగితాలు పెట్టడం మరచిపోతే, అమెరికాలోనే పెరిగిన మనిషి నడివయసులో పరాయివాడై తేలాడు.

ఈ అన్యాయాల గురించి అడుగుతున్నవాళ్లు ఎవరో గమనించండి. అలా వెళ్లి పెరిగి పెద్దయిన పిల్లలే. పెంచినవాళ్ల మీద ప్రేమ ఉంటుంది, నా తల్లి ఎవరు అనే ప్రశ్నా ఉంటుంది. ఆ ప్రశ్న అడిగితే కృతజ్ఞత లేదనడం క్రూరత్వం.

మన దగ్గరా ఈ చరిత్ర ఉంది. భారతీయ పిల్లలను విదేశాలకు పంపడంలో అక్రమాల గురించి లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని సుప్రీంకోర్టు 1984లో నియమాలు పెట్టింది. అయినా 1999 నుంచి 2001 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడా తండాల ఆడపిల్లలను కొద్దిపాటి డబ్బుకు కొని, కాగితాలు మార్చి, విదేశీ దత్తతలకు సిద్ధం చేసిన కుంభకోణాలు బయటపడ్డాయి. అందుకే ఇప్పటి చట్టం గట్టిగా ఉంది. బిడ్డను అప్పగించిన తల్లికి మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఉంటుంది. విదేశాలకు వెళ్లిన బిడ్డ ఎలా ఉందో రెండేళ్ల పాటు రిపోర్టులు రావాలి. తండా తల్లికి ఆనాడు ఇలాంటి గడువు నిజంగా దక్కి ఉంటే అని నాకు అనిపిస్తుంది.

మతం సంగతికి వస్తే, 1956 నాటి హిందూ దత్తత చట్టం మన దేశంలో క్రైస్తవులకూ ముస్లింలకూ వర్తించదు. చాలా ఏళ్లు వాళ్లు బిడ్డకు గార్డియన్లు మాత్రమే కాగలిగారు. బాలల న్యాయ చట్టం వచ్చాక ఏ మతం వాళ్లైనా దాని కింద అమ్మానాన్నలు కావచ్చు. 2014లో సుప్రీంకోర్టు కూడా ఈ మాట స్పష్టం చేసింది.

ఇక మన ఇళ్ల సంగతి. వైకల్యంతో బిడ్డ పుడితే ఆ తల్లిని, ఏ జన్మలో ఏ పాపం చేశావో అంటాం. చుట్టాలు అంటారు, పక్కింటివాళ్లు అంటారు. అదీ దేవుడి పేరు మీద అనే మాటే. దేవుడి పేరు మీదే క్రెస్వెల్ రైతు వేల మైళ్లు వెళ్లాడు. పిల్లలు లేని దంపతులు శిశుగృహకు వెళ్లి, ఆరోగ్యంగా ఉన్న, ఏడాది లోపు బిడ్డ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు. గుండెలో రంధ్రం ఉన్న పాప, వినికిడి లేని బాబు, డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డ అదే గదిలో ఉంటారు. అలాంటి పిల్లల్లో చాలామందికి ఇల్లు దొరికేది చివరికి విదేశాల్లోనే. మన ప్రభుత్వ నియమాలు కూడా వాళ్లను మిగతావాళ్ల కంటే త్వరగా విదేశీ కుటుంబాలకు చూపించేలా ఉన్నాయి. వాళ్లకు ఇల్లు దొరికినందుకు సంతోషమే. మన ఊళ్లో దొరకనందుకు బాధ.

గ్రహణ మొర్రి ఆపరేషన్‌తో చాలావరకు సరిపోతుంది. గుండెలో రంధ్రాలు చాలా రకాలు, కొన్ని వాటంతటవే మూసుకుంటాయి, కొన్నింటికి చికిత్స కావాలి. సెరిబ్రల్ పాల్సీకి ఏళ్ల తరబడి ఫిజియోథెరపీ కావాలి, ఇంట్లో ఒక మనిషి ఎప్పుడూ తోడుండాలి. ఇవన్నీ ఒకటి కావు. కాబట్టి ఆలోచన ఉన్నవాళ్లు ముందు మీ జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లండి. దేశమంతటికీ కలిపి ఉన్న కేంద్ర దత్తత సంస్థ కారా, దాని వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకోండి. అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉన్న మన ఎన్నారైలకూ ఇక్కడున్న దంపతులతో సమానంగానే అవకాశం ఉంది. బిడ్డ మెడికల్ రిపోర్టు చేతికి రాగానే మీకు నమ్మకమున్న పిల్లల డాక్టరుకు చూపించండి. అన్నం తినిపించడం, స్నానం చేయించడం, స్కూలు, ఆపరేషన్ ఖర్చు, మీ తర్వాత ఎవరు చూస్తారు, ఒక్కొక్కటీ అడగండి. ఇంట్లో పెద్ద పిల్లలుంటే వాళ్లనూ కూర్చోబెట్టి మాట్లాడండి. తొందరపడి సంతకం పెట్టవద్దు.

సెలవు.