రన్‌వే మీద పడ్డ వాన ఎటు పోవాలి?

శ్రోతలకు నమస్కారం.

ముందు ఓ చిన్న లెక్క. మీ ఇంటి డాబా వంద చదరపు మీటర్లు అనుకోండి. దాని మీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే వెయ్యి లీటర్లు. మేడ మీద పెట్టుకునే నల్ల ట్యాంకు నిండుతుంది. ఆ నీళ్లు గొట్టంలోంచి ధడధడా కింద పడుతుంటే పక్కింటివాళ్లు ఊరుకుంటారా? "మీ నీళ్లు మా గోడ వైపు వదులుతారేమిటండీ" అని వచ్చేస్తారు. డాబా నీళ్లకే ఇంత పేచీ. మరి 2,590 మీటర్ల పొడవు, 46 మీటర్ల వెడల్పు ఉన్న డాబా అయితే? ఒక్క సెంటీమీటరు వానకు దాదాపు 12 లక్షల లీటర్లు. పదివేల లీటర్ల ట్యాంకర్లు వరసగా 120 నిలబెట్టినట్టు. విమానాశ్రయంలో రన్‌వే అంటే అదే. ఇది ఆ పట్టీ ఒక్కదాని లెక్క. టాక్సీవేలు (విమానాలు రన్‌వే దాకా నడిచే దారులు), విమానాలు నిలిపే జాగా, రోడ్లు ఇందులో కలపలేదు.

రన్‌వేకి కావలసింది చదునైన నేల, చుట్టూ ఖాళీ. అలాంటి నేల ఊరి శివార్లలో ఎందుకు ఖాళీగా మిగిలి ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. చాలాచోట్ల అది నీళ్లు నిలిచే నేల కాబట్టి. శ్రీకాకుళం వైపు బీల అంటారు, తంపర అంటారు. డెల్టాలో బాడవ అంటారు. కాగితాల మీద మాత్రం 'నిరుపయోగ భూమి' అని రాస్తారు. నేను నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లు చేశాను కదా, ఆ మాట రాసిన కాగితాలు బోలెడు చూశాను. సంతకాలూ పెట్టాను, దాచడమెందుకు.

బొంబాయిలో మీఠీ నది విమానాశ్రయం దగ్గరికొచ్చేసరికి మూల మలుపులు తిరిగి, రన్‌వే కిందుగా దూరి పోతుంది. 2005 జులై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్లు కురిసినప్పుడు ఊరూ మునిగింది, విమానాశ్రయమూ మూతబడింది. మద్రాసులో రెండో రన్‌వేని అడయారు నది మీద వంతెన కట్టి అవతలికి సాగదీశారు. 2015 డిసెంబరు 1 రాత్రి ఆ నది తన దారిన తాను వచ్చింది. ప్రయాణికుల విమానాలు 6వ తేదీ దాకా లేవు. అరక్కోణం నావికాదళ స్థావరం నుంచి కొన్నిటిని నడపాల్సివచ్చింది. కొచ్చిన్ అయితే 2018 ఆగస్టులో వరదకు 15 నుంచి 29 దాకా మూతబడింది.

ఈ మూడూ విన్నాక, "విమానాశ్రయం మునిగింది" అంటాం. నిజానికి అక్కడ నీళ్లకు దారి మూసుకుపోయింది. రెండూ ఒకటి కాదు.

దీన్ని సరిగ్గానో వంకరగానో, మొత్తానికి లోతుగా ఆలోచించి కట్టిన ఒక రన్‌వే కథ చెబుతాను. ఇందాక చెప్పిన కొలతలు దానివే. అమెరికాలో సియాటెల్ విమానాశ్రయం. అక్కడివాళ్లు సీ-ట్యాక్ అంటారు. మైక్రోసాఫ్ట్, అమెజాన్ పుణ్యమా అని మన తెలుగు తల్లిదండ్రులు చాలామంది ఆ ఊళ్లో దిగి, మనవల్ని ఆడించి వస్తున్నారు. నేనూ అలాగే వెళ్లాను, రెండు సార్లు.

సియాటెల్ అంటే ఎప్పుడూ వానే అని పేరు. ఏడాది మొత్తం కురిసేది సుమారు వంద సెంటీమీటర్లు. అంటే బొంబాయిలో ఆ ఒక్క రోజు పడ్డదానికి కాస్త ఎక్కువ, అంతే. కాకపోతే అక్కడ అక్టోబరు నుంచి మార్చి దాకా ముసురు. మబ్బు కిందికి దిగి కూర్చుంటుంది. పాత రన్‌వేలు రెండింటికీ మధ్య దూరం 800 అడుగులే. మబ్బు పట్టినప్పుడు రెండింటి మీదా పక్కపక్కన విమానాలు దించడం కుదరదు. మూడోది కావాలనడానికి అదీ కారణం. 1996లో కట్టాలని నిర్ణయించారు. మొదటి విమానం దిగింది 2008 నవంబరులో. మధ్యలో పన్నెండేళ్లు. సొరంగాలు తవ్వలేదు, కొండలు పేల్చలేదు. ఆ కాలంలో ఎక్కువ భాగం అనుమతులకు, కోర్టులకు పోయింది. పేచీలో పెద్ద వాటా నీళ్లదే.

విమానాశ్రయం మిట్ట మీద ఉంది. పడమటి వైపు నేల వాలుగా దిగిపోతుంది. ఆ వాలులో ఊటలు, ఊటల కింద చిత్తడి నేలలు, వాటి దిగువన మిల్లర్ క్రీక్, వాకర్ క్రీక్. దక్షిణాన డిమోయిన్స్ క్రీక్. క్రీక్ అంటే మన వాగే, కొన్నిచోట్ల పంటకాల్వ కంటే చిన్నది. కానీ సముద్రం నుంచి కోహో సాల్మన్ చేపలు శరదృతువు వానలకు ఆ వాగుల్లోకి ఎదురెక్కి వచ్చి గుడ్లు పెడతాయి. పిల్ల చేప ఏడాదికి పైగా వాగులోనే బతుకుతుంది. మూడో రన్‌వే రావలసింది సరిగ్గా ఆ వాలు మీద. అంటే మిట్టతో సమానంగా మట్టి పోయాలి. దాదాపు కోటి ఘనపు మీటర్లు పోశారు. చుట్టుపక్కల ఐదు పట్టణాలు కూటమి కట్టి అడ్డం తిరిగాయి.

మట్టి కట్ట మామూలుగా వాలుగా దించితే దాని పాదం వెళ్లి మిల్లర్ వాగులో పడుతుంది. అందుకని వాలు మానేసి నిలువు గోడ లేపారు. 130 అడుగులకు పైగా ఎత్తు. మట్టి పొరల మధ్య ఉక్కు పట్టీలు పరిచి, ముందు కాంక్రీటు పలకలు తగిలించి కట్టే రకం. మన ఫ్లైఓవర్ల రెండు చివర్లా కనిపించే గోడల్లాంటిదే, కాని పది పన్నెండు అంతస్తుల ఎత్తు. అయినా కొంత మేర వాగును పక్కకు జరపక తప్పలేదు. సుమారు 20 ఎకరాల చిత్తడి నేల మట్టి కిందికి పోయింది.

నాకు బాగా నచ్చింది కట్ట అడుగు భాగం. మనం చెరువుకట్ట వెనక పాదాన రాళ్లు పేరుస్తాం, రాక్‌టో అంటాం. ఊట నీరు మట్టిని కోసుకుపోకుండా తేటగా బయటికి రావాలని. అక్కడ ఆ కట్ట కిందంతా నీరు పారే కంకర పొర పరిచారు. కొండ వాలులోని ఊటలు కట్ట బరువుకి ఊపిరాడక చచ్చిపోకుండా, ఆ పొరలోంచి నడిచి, కింద మిగిలిన చిత్తడి నేలకి ఎప్పటిలా చేరాలి. తెచ్చిపోసే మట్టిలో విషాలు ఉంటే ఆ నీటితోపాటే వాగులోకి దిగుతాయి కదా, అందుకని ఏ మట్టి పనికొస్తుంది, ఏది పనికిరాదు అన్న దాని మీద మరో పెద్ద వాదం. 2002లో అక్కడి కాలుష్య నియంత్రణ విచారణ మండలి అనుమతిని నిలబెడుతూనే మరిన్ని షరతులు తగిలించింది. 2004లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా పోయింది.

ఇంకొకటి. మనం వాననీరు అనగానే వరద గురించే ఆలోచిస్తాం. అక్కడివాళ్లు ఆగస్టు గురించి కూడా అడిగారు. వాళ్లకు అది ఎండాకాలం. నేల మీద సిమెంటు పరిస్తే వానాకాలంలో నీళ్లు ఎక్కువ పారతాయి, సరే. నేలలో ఇంకేది తగ్గితే ఎండాకాలంలో వాగుకి ఊట తగ్గదా? పిల్ల చేపలు అప్పుడు కూడా వాగులోనే ఉంటాయి కదా? దానికి జవాబుగా శీతాకాలపు వాననీటిని నేల లోపలి తొట్లలో దాచి, వేసవిలో కొంచెం కొంచెం వాగుకి వదిలే ఏర్పాటు చేశారు. తూము తీసి చివరి తడికి నీళ్లివ్వడం మనకు తెలియని విద్యా? కానీ ఒక విమానాశ్రయం చేత వాగుకి తడి పెట్టించడం మాత్రం నేను అక్కడే చూశాను.

తొట్లు నేల లోపల ఎందుకు, చెరువు తవ్వితే చాలదా అని మీరు అడగవచ్చు. నేనూ అదే అడిగాను. ముప్పై ఏళ్లు చెరువుల మీద బతికినవాడికి మొదట తట్టేది చెరువే. చెరువుంటే కొంగలొస్తాయి, బాతులొస్తాయి. పక్షి ఇంజన్లో పడితే విమానానికి ముప్పు. 2009 జనవరిలో న్యూయార్క్‌లో బాతుల గుంపు తగిలి రెండు ఇంజన్లూ పోయిన విమానాన్ని హడ్సన్ నదిలో దించారు. అందుకే అమెరికా ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థ పక్షుల్ని పిలిచే నీళ్లు రన్‌వేకి పదివేల అడుగుల లోపు వద్దంటుంది. వాననీటి గుంట ఉన్నా 48 గంటల్లో ఖాళీ కావాలంటుంది. కొన్ని విమానాశ్రయాల్లో గుంటల మీద వలలు కడతారు, నల్లటి ప్లాస్టిక్ బంతులు వేలకొద్దీ తేలేస్తారు, పక్షికి నీళ్లు కనపడకుండా.

ఇక్కడే మెలిక. చట్టం ప్రకారం పూడ్చిన చిత్తడి నేలకి బదులు చిత్తడి నేల ఇవ్వాలి. పక్షుల భయం వల్ల రన్‌వే పక్కన ఇవ్వకూడదు. అందుకని మిల్లర్ వాగు పక్కన ఒక పాత కూరగాయల పొలాన్ని తిరిగి వరద నీళ్లకు వదిలి, నీళ్లు కనపడనంత దట్టంగా పొదలు పెంచారు. మిగిలిన పెద్ద వాటా, 65 ఎకరాలు, ఆబర్న్ అనే ఊళ్లో గ్రీన్ నది దగ్గర. ఎకరాల లెక్క చూస్తే మూడింతలు. కానీ అది వేరే నది, వేరే నీళ్లు. పొలం ఇక్కడ మునిగితే పరిహారం భూమి పక్క జిల్లాలో చూపించినట్టు. ముంపు గ్రామాలవాళ్లకు ఆ బాధ నేను వేరే చెప్పక్కర్లేదు. కొంగ ఎగిరి ఆబర్న్ పోగలదు. మిల్లర్ వాగు పోలేదు కదా. అంత జాగ్రత్తగా కట్టిన పనిలో నాకు మింగుడుపడనిది ఇదొక్కటే. ఇంతకంటే మంచి దారి ఏదని అడిగితే, పక్షుల సంగతి తెలిశాక నా దగ్గరా జవాబు లేదు.

చలికాలంలో విమానం రెక్కల మీద మంచు కరిగించడానికి చల్లే మందు సంగతి కూడా ఉంది. అది వాగులో కలిస్తే నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది. ఆ నీటిని వేరే కాల్వల్లో పట్టి, శుద్ధి చేస్తారు. మనకు మంచు బెడద లేదు గనక అక్కడితో వదిలేద్దాం.

మీలో ఎవరైనా చలికాలంలో మనవల దగ్గరికి సియాటెల్ వెళ్తుంటే, కుడివైపు కిటికీ సీటు అడగండి. వాన రోజుల్లో విమానాలు సాధారణంగా ఉత్తరం నుంచి వచ్చి దక్షిణం ముఖంగా దిగుతాయి. అన్నిటికంటే పడమటి రన్‌వే మీద దిగితే, చక్రాలు తాకే వేళకి మీ కుడిపక్కన నేల ఉన్నట్టుండి తెగిపోతుంది. అదే ఆ గోడ పైఅంచు. దాని అవతల, బాగా కింద, ఆకులు రాలిన చెట్ల వరుస ఒకటి వంకర తిరుగుతూ పోతుంది. నీళ్లు కనపడవు. వాగు ఆ చెట్ల కిందే ఉంది.

నమస్కారం.