ఫాంటమ్ క్యారేజ్ (1921) రివ్యూ: బండి గురించి అందరూ చెప్పారు, నేను కోటు గురించి చెప్తాను

అందరికీ నమస్కారం. ముందు చెప్పాల్సిన మాట ముందే చెప్పేస్తాను. నా చేతిలో ఉన్న ఈ బ్లూ-రే నేను కొన్నది కాదు. బయటి దేశాల నుంచి డిస్కులు తెప్పించి అమ్మే ఒక షాపువాళ్లు, చూసి మీకేమనిపిస్తే అది చెప్పండి అని పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఇలా చెప్పు అలా చెప్పు అనీ అనలేదు. అయినా ఈ సినిమా నాకు కొత్తేం కాదు. ఎవరూ పంపకపోయినా ఏదో ఒక రోజు దీని మీద వీడియో చేసి తీరేవాణ్ణి.

నటీనటుల లిస్టు, నిడివి, డిస్కులో ఏమేం ఉన్నాయి, అవన్నీ కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను. కథ కూడా మీలో చాలామందికి తెలిసే ఉంటుంది కాబట్టి రెండు ముక్కల్లో చెప్తాను. స్వీడన్ సినిమా, 1921 జనవరి 1న విడుదలైంది. డిసెంబర్ 31 అర్ధరాత్రి పన్నెండు కొట్టే వేళకి చివరిగా ఎవరు చనిపోతారో, వాళ్లు ఆ తర్వాతి ఏడాదంతా మృత్యువు బండి తోలాలి. డేవిడ్ హోల్మ్ అనే తాగుబోతు శ్మశానంలో కూర్చుని తాగుతూ ఈ కథ తోటి తాగుబోతులకి చెప్తాడు. కాసేపటికే గొడవ జరిగి, తల మీద సీసా దెబ్బ తగిలి పడిపోతాడు. సరిగ్గా పన్నెండు కొడుతుంది. బండి రానే వస్తుంది. తోలుతున్నది ఎవరో కాదు, ఒకప్పుడు వీడికి తాగుడు అలవాటు చేసిన స్నేహితుడు జార్జ్. పోయిన ఏడాది డిసెంబర్ 31న పోయినవాడు. ఇక అక్కడి నుంచి డేవిడ్ తను చేసినవన్నీ కళ్లారా చూసుకోవాలి. అదీ కథ. చివరి వరకూ మాట్లాడతాను కాబట్టి, ముందే తెలియకూడదు అనుకునేవాళ్లు సినిమా చూసి రండి.

ఈ సినిమా మీద వీడియోలు వెతికితే రెండే విషయాలు కనిపిస్తాయి. ఒకటి, దెయ్యం బండి ట్రిక్కులు. రెండు, డేవిడ్ గొడ్డలితో తలుపు పగలగొట్టే సీను. ప్రతి థంబ్‌నెయిల్ మీదా అదే గొడ్డలి, పక్కనే 1980 నాటి 'ద షైనింగ్' ఫొటో, అందులోనూ గొడ్డలితో తలుపు పగలగొట్టే సీనుంది కాబట్టి. పోలిక ఉంది, కాదనను. కానీ గొడ్డలితో తలుపు పగలగొట్టడం 1919లో అమెరికా డైరెక్టర్ గ్రిఫిత్ తీసిన 'బ్రోకెన్ బ్లాసమ్స్'లోనూ ఉంది. ఎవరు ఎవర్ని చూసి తీశారనే పంచాయతీతోనే వీడియోలన్నీ అయిపోతున్నాయి. అసలు సినిమా గురించి మాట్లాడేవాళ్లే లేరు. నాకు కోపం వచ్చేది అందుకే.

నన్ను పట్టుకుని వదలని సీను వేరే ఉంది. అదే కోటు సీను.

సాల్వేషన్ ఆర్మీ అంటే 1865లో లండన్‌లో మొదలైన క్రైస్తవ సేవా సంస్థ. బాపట్ల వైపువాళ్లకి నేను చెప్పక్కర్లేదు, స్టువర్టుపురం సెటిల్‌మెంట్ నడిపింది వాళ్లే. ఆ సంస్థ తరఫున ఈడిత్ అనే అమ్మాయి ఊళ్లో దిక్కులేనివాళ్లకి రాత్రి పడుకోవడానికి చోటిచ్చే ఆశ్రయం ఒకటి తెరుస్తుంది. తెరిచిన రోజే డిసెంబర్ 31. మొట్టమొదట వచ్చినవాడికి రాబోయే ఏడాది బాగుండాలని దేవుడికి మొక్కుకుంటుంది. ఆ వచ్చినవాడు డేవిడ్. వచ్చి, ఆ అమ్మాయిని నోటికొచ్చినట్టు వెక్కిరించి, వెళ్లి పడుకుంటాడు. వాడి కోటు పీలికలు పీలికలుగా ఉంటుంది. ఈడిత్ దాన్ని తీసుకుని దీపం దగ్గర కూర్చుంటుంది. పక్కనున్న మరియా అనే ఆవిడ వద్దంటుంది. దాన్నిండా క్రిములుంటాయి, ముందు శుభ్రం చేయించాలి అంటుంది. ఈ అమ్మాయి వినదు. తెల్లవార్లూ కూర్చుని చిరుగులు కుడుతుంది, గుండీలు కుడుతుంది.

పొద్దున్న డేవిడ్ లేచి కోటు చూస్తాడు. ఎవరు కుట్టారని అడుగుతాడు. ఆ అమ్మాయిని పిలిపిస్తాడు. తను వచ్చాక, తన ఎదురుగానే నిలబడి, తన కళ్లలోకి చూస్తూ, ఒక్కొక్క కుట్టూ పట్టి చింపుతాడు. గుండీ లాగి పారేస్తాడు. కోపంతో చింపితే వేరు, కోపంలో మనిషికి ఒళ్లు తెలియదు అనుకోవచ్చు. వీడు నవ్వుతూ చింపుతాడు, తీరిగ్గా, పాపం ఊరికే శ్రమపడ్డావు అన్నట్టు. డేవిడ్ వేషం వేసింది ఈ సినిమా డైరెక్టర్ విక్టర్ షోస్ట్రోమే, ఆయన మొహం చూడండి అక్కడ. ఆ నవ్వులో ఎక్కడా తొందర లేదు.

మా పిన్ని మూకీ సినిమా అంటే చాప్లిన్ తప్ప ఎరగదు. మొన్న ఇంటికొస్తే ఇది పెట్టాను. గొడ్డలి సీనుకి ఏమీ అనలేదు. ఈ కోటు దగ్గర మాత్రం, "వద్దనుకుంటే వేసుకోకుండా వెళ్లొచ్చుగా, ఆ పిల్ల ముందు చింపడం దేనికి?" అంది. సినిమా అంతా ఆ ప్రశ్నలోనే ఉంది. గొడ్డలి పట్టుకున్నవాణ్ణి చూస్తే మనం భయపడతాం, వీడు మనలాంటివాడు కాదులే అనుకుంటాం. మంచి చేసినవాళ్ల ముందే ఆ మంచిని పాడుచేసి చూపించడం మాత్రం మన ఇళ్లల్లో జరిగేదే. వండిపెట్టిన అన్నం ముందు కంచం తోసేసి లేచిపోవడం అలాంటిదే కదా.

ఇంతా చేసినా ఆ అమ్మాయి కోప్పడదు. వచ్చే ఏడాది ఇదే రోజు మళ్లీ రండి, నా మొక్కు ఫలించిందో లేదో చూద్దాం అంటుంది. వాడు నవ్వుతూ సరే అంటాడు. మొత్తం కథ ఆ సరే మీద నడుస్తుంది. ఆ రాత్రి కోటు దగ్గర కూర్చున్నందుకే ఈడిత్‌కి క్షయ అంటుకుంది. సినిమా మొదలయ్యేసరికి తను చావు మంచం మీద ఉంది, డేవిడ్ హోల్మ్‌ని పిలిపించండి అంటోంది. ఆ పిలుపుకి వెళ్లననే వాడు శ్మశానంలో దెబ్బలాడింది.

క్షయ ఊరికే రాలేదు ఇందులో. మూలకథ సెల్మా లాగెర్లోఫ్ రాసిన 1912 నాటి నవల. 1909లో సాహిత్యానికి నోబెల్ తీసుకున్నారు ఆవిడ, ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ. క్షయ గురించి జనానికి తెలిసేలా ఏదైనా రాయమని ఒక సంఘం అడగడంతో మొదలైన పుస్తకం ఇది. అందుకే దగ్గు ఇందులో ఒక ఆయుధం. డేవిడ్ కావాలనే ఎదుటివాళ్ల మొహాల మీద దగ్గుతాడు. కరోనా చూసిన మనకి ఆ షాట్లు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. నేను ఇంతకుముందు చూసినప్పుడు ఈ దగ్గుని అంతగా పట్టించుకోలేదు. 2020 తర్వాత చూస్తే ఒళ్లు జలదరించింది. వాడు తన పిల్లల దగ్గరే దగ్గుతుంటే భార్య అడ్డం పడుతుంది చూడండి, గొడ్డలి సీను అక్కడి నుంచే మొదలవుతుంది.

సరే, ట్రిక్కుల గురించి కూడా చెప్పాలి, చెప్పకపోతే అన్యాయం. కెమెరామన్ యూలియస్ యేన్‌సన్. అన్నీ డబుల్ ఎక్స్‌పోజర్లే. గదినీ మనుషుల్నీ ఒకసారి తీస్తారు, ఫిల్మ్ వెనక్కి చుట్టి, అదే ఫిల్మ్ మీద దెయ్యాన్ని మళ్లీ తీస్తారు. అప్పటి కెమెరా హ్యాండిల్ చేత్తో తిప్పాలి. మొదటిసారి ఏ వేగంతో తిప్పారో రెండోసారీ అదే వేగం రావాలి. కొన్నిచోట్ల ఇలా నాలుగు పొరల దాకా ఉన్నాయి. చివరి పొరలో చేయి తడబడితే ముందు మూడూ పోయినట్టే. 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్లీ పనితనం తెలిసిన మనకి దీని విలువ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

వీటిలో నాకు బాగా నచ్చింది ఏంటంటే, దెయ్యం గదిలో ఉన్న వస్తువుల వెనకాల నుంచి నడుస్తుంది. బొమ్మ మీద బొమ్మ అతికించినట్టు ఉండదు. వస్తువు ముందు, దెయ్యం వెనక, గోడ ఇంకా వెనక. సముద్రం సీనులో బండి అలల మీదుగా వెళ్తుంది, తోలేవాడు నీళ్ల అడుక్కి దిగి మునిగిపోయినవాణ్ణి తెస్తాడు. కంప్యూటర్లో చేసిన దెయ్యాలు చాలా చూశాం, అవి మనల్ని భయపెట్టడానికే వస్తాయి. ఇక్కడ జార్జ్ ఎవర్నీ భయపెట్టడు. కొడవలి పట్టుకుని, కప్పుకున్న ముసుగు సర్దుకుంటూ, అలిసిపోయి ఒక డ్యూటీ చేస్తుంటాడు. మన యముడి ఠీవి కాదు, ఆయన కింద పనిచేసే భటుడి అలసట. వాడికి ఒక్క రాత్రి వందేళ్లలా గడుస్తుందట.

షోస్ట్రోమ్ అప్పటిదాకా పేరు తెచ్చుకుంది కొండల్లో, సముద్రం ఒడ్డున, అవుట్‌డోర్‌లో తీసిన సినిమాలతో. 1917 నాటి 'తెర్యే వీగెన్' చూసినవాళ్లకి తెలుస్తుంది. లాగెర్లోఫ్ కూడా దీన్ని లాండ్‌స్క్రోనా ఊళ్లోనే తీయమన్నారు. ఆయన మాత్రం స్టాక్‌హోమ్ పక్కన కొత్తగా కట్టిన రోసుండా స్టూడియోలో తీశారు. వెలుగు మన చేతిలో ఉంటే తప్ప ఇన్ని పొరలు కుదరవు, ఆ నిర్ణయం సరైనదే అని నా నమ్మకం. స్క్రిప్టు ఆయనే, డైరెక్షన్ ఆయనే, డేవిడ్ వేషమూ ఆయనే.

ఇప్పుడు నా చిరాకు. ఇంటర్నెట్‌లో ఈ సినిమా ఫ్రీగా బోలెడు కాపీలు దొరుకుతాయి. చాలావాటిలో వేగం తప్పు. మనుషులు గబగబా పరిగెత్తుతుంటారు. అప్పటి సినిమాలు ఇప్పటిలా సెకనుకి 24 ఫ్రేములతో తీసినవి కావు, 24తో నడిపిస్తే చావు ఇల్లు కూడా కామెడీ అయిపోతుంది. సరైన వేగంతో సినిమా గంటా నలభై ఏడు నిమిషాలు దాకా వస్తుంది. మీ కాపీ గంటన్నరకే అయిపోతే ఏదో తేడా ఉన్నట్టే. రంగులు ఇంకో బాధ. ఇది ఉత్త బ్లాక్ అండ్ వైట్ కాదు, రాత్రి సీన్లకి నీలం, లోపల దీపం వెలుగుకి పసుపు పులిమిన సినిమా. మూడు కాలాల మధ్య ముందుకీ వెనక్కీ తిరిగే కథ ఇది, ఫ్లాష్‌బ్యాక్‌లో ఇంకో ఫ్లాష్‌బ్యాక్ ఉంటుంది. రంగులుంటే ఎక్కడున్నామో ఇట్టే తెలుస్తుంది. అవి తీసేసిన కాపీ చూసి అర్థం కాలేదు అని కామెంట్ పెట్టేవాళ్లది తప్పు కాదు. వీటన్నిటికీ మించి ఆ మ్యూజిక్! ఎవరో ఎక్కడో వాయించిన పియానో ముక్క తెచ్చి అతికిస్తారు. ఆత్మ శరీరంలోంచి లేస్తుంటే హుషారైన డాన్సు పాట వస్తుంది. ఇంత పెద్ద సినిమాకి చేసిన అవమానం అది.

ఈ డిస్కు, మంచి సినిమాల్ని డిస్కులుగా వేసే అమెరికా కంపెనీ క్రైటీరియన్ వాళ్ల 2011 ఎడిషన్. రెండు సంగీతాలు ఇచ్చారు. ఒకటి స్వీడన్ కంపోజర్ మట్టి బీయేది, రెండోది కేటీఎల్ అనే ఇద్దరి బృందానిది. కేటీఎల్‌ది అంతా ఒకటే గుయ్యిమనే శబ్దం, రాగం వెతికితే దొరకదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కరే చూస్తే గుండె బరువెక్కుతుంది. కానీ మొదటిసారి చూసేవాళ్లు మట్టి బీయేతో చూడండి. ఆయన సంగీతం మనుషుల పక్కన నిలబడుతుంది. ఈడిత్ మంచం దగ్గర ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఒక విషయంలో సినిమాతో నాకు పేచీ ఉంది. డేవిడ్ భార్యకి జరిగిన అన్యాయం. ఆ వేషం హిల్డా బోర్గ్‌స్ట్రోమ్ వేశారు. భర్తని వదిలేసి బతుకుతున్న మనిషిని మళ్లీ వాడితో కలిపింది ఎవరు? ఈడితే. మంచి అనుకునే చేసింది, అది నరకమైంది. చావు మంచం మీద ఈడిత్‌ని తొలిచేది ఆ తప్పే. పాపభారం డేవిడ్ ఒక్కడిదే అనుకుంటాం గానీ, ఈడిత్‌కీ ఉంది, జార్జ్‌కీ ఉంది. ఇంత లోతుగా వెళ్లిన సినిమా, చివర్లో ఆ భార్య పిల్లలకి విషమిచ్చి తనూ తాగాలనుకునే దాకా వచ్చాక, మళ్లీ ప్రాణం వచ్చిన డేవిడ్ పరిగెత్తుకొచ్చి ఏడిస్తే ఆవిడ నమ్మేస్తుంది. కొద్ది నిమిషాల్లో. నాకు ఇంకాస్త సమయం కావాలనిపించింది, ఆవిడ కోసం.

కానీ దానికి ముందున్నది చూస్తే ఆ పేచీ పెట్టుకోలేను. డేవిడ్ కనిపించని ఆత్మగా ఆ గదిలో నిలబడి, భార్య విషం కలుపుతుంటే చూస్తుంటాడు. ఆపు, ఏదో ఒకటి చెయ్యి అని జార్జ్‌ని బతిమాలతాడు. బతికున్నవాళ్ల మీద నాకు అధికారం లేదంటాడు జార్జ్. ఎంతమందిని ఏడిపించినా చలించనివాడు అక్కడ మొదటిసారి ఇంకొకరి కోసం ప్రార్థిస్తాడు. అక్కడ షోస్ట్రోమ్ నటన చూడండి, చేతులు ఎలా జోడించాలో కూడా తెలియని మనిషిలా ఉంటాడు. కోటు చింపిన చేతులే అవి.

స్వీడన్ డైరెక్టర్ ఇంగ్మార్ బెర్గ్‌మన్‌కి ఈ సినిమా ప్రాణమని చాలామందికి తెలుసు. 1957లో 'వైల్డ్ స్ట్రాబెర్రీస్'లో ముసలి ప్రొఫెసర్ వేషానికి షోస్ట్రోమ్‌నే తీసుకున్నారు. అందులో కలలో తోలేవాడు లేని శవాల బండి వస్తుంది గుర్తుందా? ఈ సినిమా చూసి వెంటనే అది చూడండి. 2012లో ఎఫ్ఎల్ఎమ్ అనే స్వీడిష్ పత్రిక విమర్శకుల చేత ఎంపిక చేయించిన స్వీడన్ సినిమాల జాబితాలో దీనికే మొదటి స్థానం ఇచ్చారు. మన ఛానల్‌లో ఇంతకుముందు 1922 నాటి జర్మన్ మూకీ హారర్ సినిమా 'నోస్ఫెరాటు' చేశాం, బాగా మెచ్చుకున్నాను, ఆ మాట మీదే ఉన్నాను. అయినా రెంటిలో ఒకటే ఇంట్లో పెట్టుకోమంటే నేను ఇదే పెట్టుకుంటాను, ఇంకో ఆలోచన లేదు.

డిస్కు కొనేవాళ్లకి ఒక జాగ్రత్త. బ్లూ-రే డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే రీజియన్ ఒకటి ఉంటుంది. ఇది అమెరికా డిస్కు, రీజియన్ ఏ. మన దేశం రీజియన్ సి. మీ ప్లేయర్ అన్ని రీజియన్లూ తీసుకుంటుందో లేదో కనుక్కున్నాకే ఆర్డర్ పెట్టండి. చిన్నపిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోవద్దు, దెయ్యాల వల్ల కాదు, ఆ విషం సీను వల్ల.

వచ్చే వీడియో కూడా షోస్ట్రోమ్‌దే, హాలీవుడ్ వెళ్లాక 1928లో లిలియన్ గిష్‌తో తీసిన 'ద విండ్'. ఈలోపు ఫాంటమ్ క్యారేజ్ చూసినవాళ్లు ఆ భార్య నమ్మడం గురించి మీకేమనిపించిందో కామెంట్లో రాయండి. ముఖ్యంగా ఆడవాళ్లు రాయండి, నేను ప్రతిదీ చదువుతాను.