ప్రోటాన్ ఎంత గట్టిది?

(విజయనగరంలో డిగ్రీ భౌతికశాస్త్రం విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగం)

పెద్దలకు, తోటి అధ్యాపకులకు నమస్కారం.

పిల్లలూ, ఇంటర్‌లో ప్రోటాన్ అంటే ఒక చుక్క, దాని మీద ప్లస్ గుర్తు. పరీక్షకి అది చాలు. కానీ ఆ చుక్కకి సైజు ఉందని 1950ల్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ హాఫ్‌స్టాటర్ అనే శాస్త్రవేత్త ఎలక్ట్రాన్లతో కొట్టి చూపించారు. 1961లో నోబెల్ వచ్చింది. వ్యాసార్థం సుమారు 0.84 ఫెర్మీ. ఒక ఫెర్మీ అంటే మిల్లీమీటరులో లక్ష కోట్లవ వంతు.

సైజు ఉన్నాక మెత్తదనం మాటేమిటి? సంతలో మామిడిపండుని బొటనవేలితో నొక్కి చూస్తాం. ప్రోటాన్‌ని నొక్కాలంటే విద్యుత్ క్షేత్రం కావాలి. ప్రోటాన్ లోపల క్వార్కులనే ఇంకా చిన్న కణాలుంటాయి. వాటిలో ప్లస్ ఆవేశం ఉన్న అప్ క్వార్కులు ఒక వైపుకి, మైనస్ ఆవేశం ఉన్న డౌన్ క్వార్క్ ఇంకో వైపుకి జరుగుతాయి. ఎంత జరుగుతాయో చెప్పేదే పోలరైజబిలిటీ. గామా కిరణాలని ద్రవ హైడ్రోజన్ మీదికి పంపి, ఏ కోణంలో ఎన్ని చెదిరాయో లెక్కపెట్టి దీన్ని రాబడతారు. జర్మనీలో మైంజ్‌లో, అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఈ పని జరిగింది. వచ్చిన విలువ ఘన ఫెర్మీలో పదివేలవ వంతులు సుమారు 11. హైడ్రోజన్ పరమాణువుకైతే ఈ విలువ దాని ఘనపరిమాణమంత ఉంటుంది. ప్రోటాన్‌కి తన ఘనపరిమాణంలో రెండువేలవ వంతే! అంత బిగువు.

అయస్కాంత క్షేత్రానికి స్పందన ఇంకా తక్కువ, అదే కొలతలో 2.5 దగ్గర. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క ఇదే. క్వార్కుల స్పిన్లు, అంటే వాటిలోని చిన్న అయస్కాంతాల్లాంటివి, క్షేత్రం వైపు తిరగబోతాయి, చుట్టూ ఉన్న పయాన్లనే తేలికపాటి కణాల మేఘం ఎదురు తిరుగుతుంది. రెండూ చాలావరకు కొట్టేసుకుంటాయి. మిగిలిన కొంచెమే మనకి దొరికేది. కొలవడం కష్టం కావడానికి కారణం కూడా అదే.

లోపల ఏ చోట ఎంత సాగుతుందో తెలియాలంటే ఎలక్ట్రాన్లతో కొట్టాలి. వర్జీనియాలోని జెఫర్సన్ ల్యాబ్‌లో అదే చేశారు. ఎలక్ట్రాన్ తగిలాక ప్రోటాన్ ఒక ఫోటాన్‌ని, అంటే కాంతి కణాన్ని, వదులుతుంది. ఆ ఫోటాన్‌ని నేరుగా పట్టుకోరు. ఎలక్ట్రాన్, ప్రోటాన్ రెండిటి ద్రవ్యవేగాలూ కొలిచి, లెక్కలో తగ్గిన శక్తికి, ద్రవ్యవేగానికి ద్రవ్యరాశి కడతారు. ఫోటాన్‌కి ద్రవ్యరాశి లేదు కాబట్టి, సున్నా వస్తే పోయింది ఫోటాన్. కొన్నిసార్లు ఫోటాన్‌కి బదులు పయాన్ పోతుంది; గ్రాఫ్‌లో పక్కనే దాని శిఖరం కనిపిస్తుంది, దాన్ని వేరు చేయాలి. మీరు మొదటి సంవత్సరంలో చేసే నిత్యత్వ నియమాల లెక్కే ఇది.

ఆ ఫలితం 2022లో నేచర్ అనే సైన్సు పత్రికలో వచ్చింది. లోతుకి వెళ్లేకొద్దీ విద్యుత్ స్పందన నున్నగా తగ్గిపోవాలి. మధ్యలో ఒకచోట గ్రాఫ్ పైకి లేచింది. మైంజ్ కొలతల్లోనూ అక్కడే లేచింది, ఇంకా ఎక్కువగా. ఇప్పుడున్న సిద్ధాంతాలు ఆ ఎత్తుని ఇవ్వడం లేదు. ఆ చుట్టుపక్కల మరింత దగ్గర దగ్గరగా కొలతలు తీయాలి.

గ్రాఫ్ ప్రింటు తెచ్చాను, ముందుకి వచ్చి చూడండి. ప్రశ్నలుంటే అడగండి.